ఉమ్మీద్వారు నుంచి ఏజన్సీ దాకా: ఎస్.ఆర్. లేని సర్వీసు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఉద్యోగుల చరిత్ర మీద ఏదైనా వ్రాసి ఇవ్వమని కార్యదర్శిగారు నన్ను కోరి నెల దాటింది. పి.ఆర్.సి.ల చరిత్ర, సమ్మెల చరిత్ర, పెన్షను నిబంధనల చరిత్ర నాకంటె బాగా వ్రాయగలవారు మన సభ్యులలో చాలామంది వున్నారు. నేను 1974లో నీటిపారుదల శాఖలో ఎల్.డి.సి.గా చేరి, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల కార్యాలయాలలోనే తిరిగి, 2010లో సూపరింటెండెంటుగా దిగిపోయినవాడిని. అందులో ఎక్కువకాలం ఎస్టాబ్లిష్‌మెంటు సీటు చూచాను. అందుకని ఆ సీటులో ఏనాడూ ఫైలు లేనివారిని గురించి వ్రాద్దామనిపించింది. వారు మన ప్రక్కనే పనిచేశారు. ఇప్పుడు మన ఇళ్ళలోనే వున్నారు. మనలో ఎవరింటికైనా పోండి, కొడుకో కోడలో మనుమరాలో ఏదో ఒక ఆఫీసులోనో ఆసుపత్రిలోనో "ఏజన్సీ కింద" పనిచేస్తూ కనిపిస్తారు. పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు అవతలివారు అడిగే మొదటి ప్రశ్న జీతమెంత అని కాదు, "పర్మనెంటేనా?" అని.

ప్రమోషను మనిషికి వస్తుందని అనుకుంటాము. ఆ సీటులో కూర్చుని నేను చూచినది వేరు. ప్రమోషను సర్వీసు రిజిస్టరుకు వస్తుంది, మనిషి దాని వెంట నడుస్తాడు. ఈ పుస్తకం సంగతి మన పిల్లలకు తెలియదు గనుక కొంచెం చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఒక ఎస్.ఆర్. తెరుస్తారు. మొదటి పేజీలో పేరు, తండ్రి పేరు, పుట్టినతేది, ఎత్తు, రెండు పుట్టుమచ్చలు, వేలిముద్రలు. తరువాత ఎప్పుడు చేరాడు, ప్రొబేషను ఎప్పుడు డిక్లేరు అయింది, అకౌంట్ టెస్టు ఎప్పుడు పాసయ్యాడు, ఇంక్రిమెంటు తేదీలు, సెలవు ఖాతా, ఏటేటా "సర్వీసు వెరిఫై చేయడమైనది" అన్న ముద్ర. మనిషి గద్వాల నుంచి నాగర్‌కర్నూలుకు బదిలీ అయితే అతని పెట్టె బేడా తరువాత రావచ్చును గాని, ఎస్.ఆర్. రిజిస్టరు పోస్టులో రావలసిందే. అది రాకపోతే జీతం బిల్లు తయారు కాదు. అధికారి మారినా, ఆఫీసు మారినా, ఆఖరికి రాష్ట్రం పేరే మారినా, ఆ పుస్తకం మాట చెల్లుతుంది. మెట్లు అన్నవి ఆ పుస్తకంలోనే వున్నవి. అది లేనివాడు ఎన్నేళ్ళు పనిచేసినా కొత్తగా చేరినవాడితో సమానమే.

మన ప్రాంతంలో ఇది కొత్త సంగతి కాదు. గద్వాల, వనపర్తి, కొల్లాపురం సంస్థానాలు నిజాం ప్రభుత్వం కింద వుండిన రోజులలో దఫ్తరులలో "ఉమ్మీద్వార్లు" అని వుండేవారట. నేను చేరిననాడు రిటైర్మెంటుకు దగ్గరపడిన ఒక పెద్దాయన మా సెక్షనులో వుండేవారు. సంస్థానం కచేరీని చిన్నతనంలో కళ్ళారా చూచినవారు. ఉమ్మీద్ అంటే ఆశ. ఉమ్మీద్వారు అంటే ఆశతో కాచుకొని వున్నవాడు. జీతం లేదు. ప్రొద్దున్నే వచ్చి చాప మీద కూర్చుని నకళ్ళు వ్రాయాలి, కాగితాల కట్టలు ఎండబెట్టాలి, పెద్ద మున్షీగారింటికి కూరగాయలు కూడా తేవలసిందే. అయితే ఎక్కడైనా ఖాళీ ఏర్పడితే ముందునుంచి కూర్చున్నవాడిని పిలిచేవారట. "ఏళ్ళతరబడి కూర్చునేవాళ్ళం. కాని ఎవరి వెనుక ఎవరో అందరికీ తెలిసేది" అని ఆయన అనేవారు. ఆ మాట నాకు అప్పుడు పెద్దగా పట్టలేదు. 1949లో జాగీర్లు రద్దయి ఆ దఫ్తరులన్నీ ప్రభుత్వంలో కలిసిపోయాయి. ఉమ్మీద్వారు అన్న మాట కూడా పోయింది.

మా తరం వచ్చేసరికి తాత్కాలిక నియామకం అనేది రూల్సులోకి ఎక్కింది. ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజీ కార్డు, ఇంటర్వ్యూ పిలుపు, జనరల్ రూల్సులోని రూలు 10(ఎ) కింద ఆర్డరు. "ఏ క్షణంలోనైనా కారణం చూపకుండా తొలగించవచ్చును" అన్న వాక్యం అందులో తప్పక వుండేది. మధ్యలో ఒకటి రెండు రోజులు విరామం చూపి మళ్ళీ ఆర్డరు ఇచ్చేవారు. నేనూ అట్లా చేరినవాడినే. ఆ భయం ఎట్లా వుంటుందో నాకు తెలుసు. నెలాఖరున డిస్పాచ్ గుమాస్తా చేతిలో ఏ కాగితం కనిపించినా గుండె దడదడలాడేది. అయినా ఆర్డరు ఇచ్చినది ప్రభుత్వమే, జీతం ఇచ్చినదీ ప్రభుత్వమే, పబ్లిక్ సర్వీసు కమిషను పరీక్ష నెగ్గితే లోపలికి తలుపు వున్నది. నెగ్గాను, ఎస్.ఆర్. తెరిచారు. 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చి మన జిల్లా ఆరవ జోనులోకి పోయినా, ఎల్.డి.సి. పేరు జూనియర్ అసిస్టెంటుగా మారినా, నా వరుస నంబరు నా వద్దనే వున్నది.

మా ఆఫీసు గోడకు ఇవతల ఈ కథ. గోడకు అవతల ఇంకొక కథ నడుస్తూ వుండేది. అది పాలమూరు లేబరు కథ.

మనవాళ్ళు చేయి పెట్టని ఆనకట్ట దేశంలో లేదని మన జిల్లాలో గొప్పగా చెప్పుకుంటాము. నాగార్జునసాగరుకు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేస్తే, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదిలారు. ఆ పన్నెండేళ్ళు రాయి మీద రాయి పేర్చి, తట్ట మీద తట్ట మోసి కట్టిన కట్ట అది. అందులో మన పల్లెల చెమట ఎంత వున్నదో ఆ తరంవారికి తెలుసు. కాని ఆ పనికి పోయిన దారి ఏది? ప్రాజెక్టు ఇంజనీరుగారు ఊళ్ళోకి వచ్చి పేర్లు వ్రాసుకోలేదు. వచ్చినది మేస్త్రీ. ఈనాడు "ఏజన్సీ" అంటున్నదానికి మన నేల మీద అసలు తాత అతనే.

ఆ ఏర్పాటు ఇట్లా వుండేది. పైన పెద్ద కంట్రాక్టరు. అతని కింద పెద్ద మేస్త్రీ. అతని కింద ఊరూరా గుంపు మేస్త్రీ. వానలు లేక చేను ఎండినప్పుడు, ఇంట్లో పెళ్ళి పడినప్పుడు, పాత అప్పు మెడమీదికి వచ్చినప్పుడు గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చేవాడు. ఇరవై ముప్పై మంది గుంపు, మొగుడూ పెళ్ళాం కలిసే పోవాలి. దసరా దీపావళి తరువాత లారీ ఎక్కితే తొలకరికి ఇల్లు చేరేవారు. అక్కడ తిండి గింజలు మేస్త్రీ ఇస్తాడు, లెక్క మేస్త్రీ వ్రాస్తాడు, ఆఖరున తీసివేతలు పోను ఎంత మిగిలిందో కూడా మేస్త్రీయే చెబుతాడు. మిగలకపోతే వచ్చే ఏటికి మళ్ళీ అదే గుంపు.

కూలి తక్కువ, పని ఎక్కువ అన్నది అందరూ చెప్పేదే. నేను చెప్పదలచినది పని నేర్చిన మనిషి సంగతి. పది ప్రాజెక్టులు తిరిగిన మనిషికి రాయి చెక్కడం వస్తుంది, కాంక్రీటు పాళ్ళు తెలుస్తాయి, తూము ఎట్లా కూర్చోబెట్టాలో కుర్ర సూపర్‌వైజరుకు అతనే చూపిస్తాడు. కాని పదకొండో ప్రాజెక్టుకు పోయినప్పుడు అతను మళ్ళీ తట్టకూలీయే. ఎందుకంటే అతని నేర్పరితనం తెలిసినది మేస్త్రీకి ఒక్కడికే. ఆ మాట పైవాడికి చెబితే మనిషి చేజారిపోతాడు గనుక మేస్త్రీ చెప్పడు. ఎం.బుక్‌లో కొలతలు ఎక్కుతాయి, ఘనపు మీటర్లు ఎక్కుతాయి, కంట్రాక్టరు పేరు ఎక్కుతుంది. ఆ మట్టి ఎత్తినవాడి పేరు ఎక్కడానికి అందులో గడి లేదు. ముప్పయ్యారేళ్ళు ఆ బుక్కులు చూచినవాడిగా చెబుతున్నాను.

పైకి పోయే మెట్టు అసలే లేదని అనను. ఒకటి వుండేది. చురుకైనవాడు, నాలుగు అక్షరాలు వచ్చినవాడు తానే గుంపు మేస్త్రీ అయ్యేవాడు. అట్లా అయి ఊళ్ళో మిద్దె కట్టినవాళ్ళు, చిన్న కంట్రాక్టర్లు అయినవాళ్ళు మనకు తెలుసు. అయితే ఆ మెట్టు ఎక్కాలంటే తనలాంటి ఇరవైమందిని లారీ ఎక్కించాలి. గుంపుకు ఒక్కడే మేస్త్రీ గదా! మిగిలినవాళ్ళకు నలభై అయిదేళ్ళకే నడుము పోయేది. మట్టిపనికి పెద్ద పెద్ద యంత్రాలు వచ్చాక, ఆ నేర్పుకు కూడా గిరాకీ తగ్గింది.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం కూడా న్యాయం కాదు. 1970లో కంట్రాక్టు కార్మికుల చట్టం వచ్చింది. దానికింద చేసిన రూల్సులో ప్రతి కార్మికుడికి ఎంప్లాయిమెంటు కార్డు ఇవ్వాలనీ, పని మానినప్పుడు సర్వీసు సర్టిఫికెట్ ఇవ్వాలనీ వ్రాశారు. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం. దాని ప్రకారం ప్రతి కార్మికుడికి ఫోటో అంటించిన పాస్‌బుక్కు ఇవ్వాలి. అందులో పని ఎక్కడ, ఎంతకాలం, కూలిరేటు ఎంత, చెల్లింపు ఎట్లా అన్నీ వుండాలి. చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. ఇది కూలివాడి ఎస్.ఆర్. కాక మరేమిటి? ఢిల్లీలో ఎవరో నావంటి గుమాస్తాయే ఇది కూర్చుని వ్రాసి వుంటాడనుకున్నాను. కాని మన ఊళ్ళలో దండెం మీద, పెట్టెలో, దేవుని పటం వెనుక రేషను కార్డు కనిపించేది, పట్టా కాగితం కనిపించేది, ఆ పాస్‌బుక్కు మాత్రం నేను ఒక్క ఇంట్లోనూ చూడలేదు. ఒక పెద్దమనిషిని అడిగితే, "మా మేస్త్రి కాడ నా పేరు రాసుకున్నడు సారూ, నా కాడ ఏముంటది?" అన్నాడు.

ఈ గుంపు ఇప్పుడు తిరగబడింది. 2025 ఫిబ్రవరి 22న మన నాగర్‌కర్నూలు జిల్లా దోమలపెంట దగ్గర ఎస్.ఎల్.బి.సి. సొరంగం పైకప్పు కూలి ఎనిమిదిమంది లోపల చిక్కుకుపోయారు. నెలా రెండు నెలలు వెతికినా ఇద్దరి మృతదేహాలే బయటకు వచ్చాయి. ఇంజనీర్లు, మెషిను ఆపరేటర్లు పోను నలుగురు కూలీలు జార్ఖండ్‌వారు. ఒకనాడు మనవాళ్ళు దేశంమీదికి పోయినట్టే, ఎక్కడివారో కంట్రాక్టు పనిలో మన కొండ కిందికి వచ్చారు. పేపర్లలో వారి కుటుంబాల ఫోటోలు చూచినప్పుడు, మన పల్లెలలో సాగరు పని నుంచి తిరిగిరాని మనిషి కోసం ఎదురుచూచిన ఇళ్ళు గుర్తుకు వచ్చాయి.

మళ్ళీ ఆఫీసులోకి వస్తాను. 1980 తరువాత ఇంజనీరింగు శాఖలలో ఎన్.ఎం.ఆర్. కూలీలు బాగా పెరిగారు. 1981లో జూరాల పని మొదలైంది. అంతటా వాచ్‌మన్లు, లస్కర్లు, పంపు ఆపరేటర్లు, చివరకు టైపు చేసేవారు కూడా నామినల్ మస్టర్ రోలు మీదనే. దినకూలీ, నెలకొకసారి బిల్లు. కొందరు పదేళ్ళు దాటినా అట్లాగే వుండిపోయారు. 1994లో రెండవ నంబరు చట్టం వచ్చింది. అది 1993 నవంబరు 25 నుంచి అమలు. ఇకమీదట దినకూలీ నియామకాలు నిషేధం, ఎవరినీ క్రమబద్ధం చేయరాదు. అయితే ఆ తేదీకి వరుసగా అయిదేళ్ళు నిండినవారిని ఖాళీలకు, అర్హతలకు లోబడి తీసుకోవచ్చునని 22-4-1994న జి.ఓ.ఎం.ఎస్. నెం. 212 ఇచ్చారు.

ఆ వేసవి నేను మరచిపోలేను. అయిదేళ్ళు నిండినట్టు ఋజువు ఏమిటి? పాత మస్టర్ రోళ్ళు. ఆ కాగితం మీద రోజుకొక గీత, నెలాఖరున బొటనవ్రేలి ముద్ర. నేను అప్పుడు పనిచేస్తున్న డివిజను కార్యాలయంలో రెండు బీరువాలు, ఒక చెక్కపెట్టె, మెట్ల కింద గోనెసంచులు. ఎండలు మండిపోతున్న రోజులలో నేనూ, ఒక అటెండరూ, ఒక వర్క్ ఇన్‌స్పెక్టరూ నేలమీద కూర్చుని నెలవారీగా ఆ రోళ్ళు పేర్చాము. ఆ ఎన్.ఎం.ఆర్.లు బయట వేపచెట్టు కింద ప్రొద్దుటినుంచి కూర్చుని వుండేవారు. ఎవరి నెల దొరికితే వారికి కేకవేసి చెప్పేవాళ్ళం. 1988 నుంచి 1993 వరకు అరవై నెలల రోళ్ళు కావాలి. తొమ్మిదిమందిలో ఏడుగురికి దొరికాయి. ఒకాయనకు యాభైరెండు నెలలు దొరికి, మిగిలిన ఎనిమిది నెలల కట్ట చెదలు తిన్నది. ఇంకొకాయన మూడేళ్ళు ఒక పీస్‌వర్క్ కంట్రాక్టరు పేరుమీద పనిచేశాడు. అదే పంపు, అదే గది, అదే పని. ఆ మూడేళ్ళు మాత్రం రోళ్ళలో అతని పేరు లేదు. వోచరు మీద కంట్రాక్టరు పేరు, మొత్తం అంకె.

ఏడుగురికి ఎస్.ఆర్.లు తెరిచాము. ఎత్తు కొలిచి, పుట్టుమచ్చలు వెతికి వ్రాశాము. అందులో వాచ్‌మన్‌గా వున్న ఒకతను పదవ తరగతి పాసై, తరువాత రికార్డు అసిస్టెంటు అయి, జూనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాడు. ఈనాడు అతను మన సంఘ సభ్యుడే. పంపు దగ్గరివాడు 2001లో పని మానేసేనాటికి కూడా దినకూలీయే. పనిలో అతను వాచ్‌మన్‌కంటె గట్టివాడని నేను ఎక్కడైనా చెబుతాను. ఇద్దరి బ్రతుకుల మధ్య తేడా తెచ్చినది మూడేళ్ళపాటు అడ్డంగా నిలబడిన మరొకరి పేరు. కార్మికుడికీ పని చేయించుకునేవాడికీ మధ్య మూడో పేరు చేరితే ఏమవుతుందో ఆ గోనెసంచుల దగ్గర కూర్చునే నేర్చుకున్నాను.

ఆ చట్టంతో దినకూలీ తలుపు మూసుకున్నది. పని మాత్రం ఆగలేదు. రిటైరయినవారి స్థానాలు నిండలేదు, కంప్యూటర్లు వచ్చాయి, పథకాలు పెరిగాయి. అప్పుడు ప్రక్క తలుపు తెరిచారు. దానిపేరు అవుట్‌సోర్సింగ్. టెండరు పిలిచి, ఏజన్సీని ఎంపిక చేసి, ఇన్ని "సర్వీసులు" కావాలని అడగడం. గమనించండి, మనుషులు అనరు, సర్వీసులు అంటారు. బిల్లు ఏజన్సీ పేరున పాసవుతుంది. అందులోంచి పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ., ఏజన్సీ కమిషను పోగా జీతం. ఏడాదికో రెండేళ్ళకో ఏజన్సీ మారుతుంది. మనిషి అదే కుర్చీలో వుంటాడు, కాగితం మీద కొత్తగా చేరతాడు.

అంకెలు చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2021 జూన్‌లో అవుట్‌సోర్సింగ్ వారి నెలజీతం అటెండరు స్థాయికి రు. 15,600, జూనియర్ అసిస్టెంటు, డాటా ఎంట్రీ ఆపరేటరు స్థాయికి రు. 19,500 చేసింది. అదే పి.ఆర్.సి.లో రెగ్యులర్ అటెండరు మూలవేతనం రు. 19,000తో, జూనియర్ అసిస్టెంటుది రు. 24,280తో మొదలవుతుంది. డి.ఏ., ఇంటి అద్దె వేరు. మొదటి మెట్టు దగ్గర తేడా వున్నది గాని, అది కళ్ళు తిరిగేంత కాదు. అసలు తేడా రెండో మెట్టు దగ్గర. రెగ్యులర్‌వాడికి ఏటా ఇంక్రిమెంటు. ప్రమోషను రాకపోయినా ఆరు, పన్నెండు, పద్దెనిమిది, ఇరవై నాలుగు ఏళ్ళకు ఆటోమాటిక్ అడ్వాన్స్‌మెంటు స్కీము. ఏజన్సీవాడికి పన్నెండో ఏట కూడా మొదటి రోజు జీతమే, ప్రభుత్వం అందరికీ కలిపి పెంచితే తప్ప.

2016 అక్టోబరు 11న నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల మూడూ జిల్లాలయ్యాయి. కొత్త కలెక్టరేట్లు, కొత్త శాఖల కార్యాలయాలు, 2022 నవంబరులో వనపర్తి, నాగర్‌కర్నూలులకు మెడికల్ కాలేజీలు వచ్చాయి. మన పిల్లలకు ఇంటిదగ్గరే పని దొరికింది, బొంబాయి బస్సు ఎక్కే అవసరం తప్పింది. ఇది చిన్న మేలు కాదు, నేను ఒప్పుకుంటాను. ఏజన్సీ పనే లేకపోతే ఆ ఇళ్ళలో పొయ్యి వెలగదు అనేవారి మాటలోనూ నిజమున్నది. అయితే కొత్త బోర్డుల కింద చేరినవారిలో ఎందరో పాత గుంపు పద్ధతిలోనే చేరారు, పేరు మరొకరి కాగితంలో.

న్యాయస్థానాల సంగతి క్లుప్తంగా చెబుతాను. 2006 ఏప్రిల్ 10న ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు, వెనుకదారిన వచ్చినవారిని క్రమబద్ధం చేయరాదన్నది. మంజూరైన ఖాళీలలో పదేళ్ళు కోర్టు ఉత్తర్వుల అండ లేకుండా పనిచేసినవారిని ఒక్కసారికి పరిశీలించవచ్చునన్నది. తెలంగాణలో 2016లో జి.ఓ. 16 వచ్చి, 2023 ఏప్రిల్ 30న 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగులు క్రమబద్ధమయ్యారు. 2024 నవంబరులో హైకోర్టు దానికి ఆధారమైన సెక్షన్ 10-ఏను కొట్టివేసినా, అప్పటికే క్రమబద్ధమైనవారిని కదపలేదు. ఇక్కడ ఒక మాట మన కుటుంబాలవారు తప్పక గుర్తించాలి. ఆ 5,544 మందీ ప్రభుత్వమే ఆర్డరు ఇచ్చిన కాంట్రాక్టువారు. ఏజన్సీవారు అందులో లేరు. బయటివారికి ఇద్దరూ ఒకటే అనిపిస్తారు. ఆర్డరు మీద ఎవరి సంతకం వున్నదన్నదే తేడా. 2024 డిసెంబరు 20న జగ్గో కేసులో సుప్రీంకోర్టు, కేంద్ర జల సంఘం కార్యాలయంలో ఏళ్ళతరబడి ఊడ్చిన ఆడవాళ్ళను, తోటమాలిని తిరిగి తీసుకొని క్రమబద్ధం చేయమన్నది. వారిని తీసేసి ఆ పనినే ఏజన్సీకి ఇవ్వడాన్ని తప్పుపట్టింది. వారు గెలవడానికి కారణాలలో ఒకటి, వారిని నేరుగా ఆ ఆఫీసే పెట్టుకున్నది.

ఏజన్సీ పని మంచి ఉద్యోగానికి నిచ్చెన అవుతుందని చెప్పేవారు వున్నారు. అమెరికాలో డెట్రాయిట్ నగరంలో ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు, ఆటర్, హౌస్‌మన్ అనేవారు, దీనిని లెక్కలతో పరిశీలించి 2010లో ప్రకటించారని మా మనుమడు చదివి చెప్పాడు. బీదవారికి నేరుగా యజమాని దగ్గర పని చూపితే తరువాతి రోజులలో వారి సంపాదన పెరిగిందట. ఏజన్సీ ద్వారా పని చూపినవారికి ఆ మేలు కలగలేదట. ఐరోపాలో 2008నాటి ఉత్తర్వు ప్రకారం, పనిచేసే చోట ఖాళీ ఏర్పడితే ఏజన్సీ మనిషికి ఆ సంగతి తెలియజేయాలి. జర్మనీలో 2017 నుంచి ఒకే మనిషిని ఒకే చోటికి సాధారణంగా పద్దెనిమిది నెలలకు మించి ఏజన్సీ మీద పంపరాదు. మన ఉమ్మీద్వారు పెద్దాయన మాట నాకు ఇక్కడ అర్థమైంది. ఆయనకు జీతం లేదు గాని వరుస వున్నది. ఈనాటి పిల్లలకు జీతం వున్నది గాని వరుస లేదు.

వరుస ఇస్తే ఏమవుతుందో మన రాష్ట్రమే ఒకచోట చూపించింది. వైద్యశాఖలో స్టాఫ్ నర్సుల నియామకాలకు వంద మార్కులలో ఇరవై మార్కులు ప్రభుత్వ ఆసుపత్రులలో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సర్వీసుకు కేటాయించారు. పాత సర్వీసు లెక్కకు వచ్చింది. నా ఎరుకలో ఒక అమ్మాయి ఏడేళ్ళు ఆసుపత్రిలో ఏజన్సీ కింద పనిచేసింది. అనుభవ ధృవపత్రం కోసం తిరగడం మొదలుపెడితే ఆ ఏడేళ్ళలో ముగ్గురు ఏజన్సీవాళ్ళు మారారు, మొదటివారి ఆఫీసు వున్న గదిలో ఇప్పుడు జిరాక్సు షాపు వున్నది. ఆసుపత్రి హాజరు పట్టీలు ఒక సిస్టరమ్మ జాగ్రత్తగా దాచివుండడం వల్ల బయటపడింది. ఆ అమ్మాయి ఇప్పుడు రెగ్యులర్ నర్సు. మళ్ళీ అవే గోనెసంచులు!

2025 నవంబరు 21 నుంచి 1970, 1979 చట్టాల స్థానంలో కొత్త లేబరు కోడ్ అమలులోకి వచ్చింది. ఇరవైమంది వుంటే వర్తించే కంట్రాక్టు కార్మిక నిబంధనలు ఇప్పుడు యాభైమంది వుంటేనే వర్తిస్తాయి. ఇది నాకు నచ్చలేదు. అయితే కార్మికుడు అడిగితే కంట్రాక్టరు అనుభవ సర్టిఫికెట్ ఇవ్వాలని అందులో వున్నది. నియామకపత్రం ఇవ్వడం తప్పనిసరి అనీ వున్నది. "అడిగితే" అన్న మాట క్రింద గీత గీసుకోండి. అడగనివాడికి ఎవరూ ఇవ్వరు.

ఏజన్సీ మారినా మారకుండా ఆ పిల్లల వెంట వచ్చేది ప్రస్తుతం ఒక్కటే, 2014 అక్టోబరు నుంచి వచ్చిన పి.ఎఫ్. యు.ఎ.ఎన్. నంబరు. అందులో ఏ ఏజన్సీ, ఏ తేదీనుంచి ఏ తేదీవరకు అన్నది నమోదవుతుంది. పదేళ్ళ చందా సర్వీసు నిండితే పెన్షను కూడా వస్తుంది. రు. 15,000 వేతనం మీద పదేళ్ళకు లెక్కవేస్తే నెలకు రు. 2,142. మన పెన్షనుతో పోల్చి నవ్వవద్దు. ఒక ఏజన్సీలో ఆరేళ్ళు, మరొక దానిలో అయిదేళ్ళు చేసి, రెండు నంబర్లు తీసుకొని, కలపక, మధ్యలో డబ్బు తీసేసుకున్నవాడికి అది కూడా రాదు.

ప్రతి మంగళవారం మధ్యాహ్నం మూడింటినుంచి నేను మన సంఘం గదిలో కూర్చుంటున్నాను. పిల్లలు సెల్‌ఫోనులో పి.ఎఫ్. పాస్‌బుక్కు తెరిచి చూపితే, ఆఫీసు హాజరు తేదీలతో సరిచూచి, తేడా వుంటే ఏజన్సీకి అర్జీ వ్రాసి ఇస్తున్నాను. క్రిందటి వారం నలుగురు వచ్చారు. ఇద్దరికి ఆధార్‌లో ఒక పుట్టినతేది, పి.ఎఫ్.లో మరొకటి. ఒకతనికి 2019లో పదకొండు నెలలు జమ కాలేదు. ఆనాటి జీతం బ్యాంకు స్టేట్‌మెంటు తెమ్మని పంపాను. నాలుగో అమ్మాయి కాగితాలన్నీ సరిగ్గా వున్నవి. ఒక ప్లాస్టిక్ కవరులో తేదీల వరుసన పేర్చుకొని తెచ్చింది. వాళ్ళ నాన్న మన శాఖలోనే డిస్పాచ్ గుమాస్తాగా చేశాడట.